‘ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం’ అని వెళ్లినవాళ్లు మళ్లీ ఎందుకు రారు?

ఇల్లూ వాకిలీ: మీ ప్రశ్నలకు ఓ సివిల్ ఇంజనీరమ్మ జవాబులు

ప్రశ్న: మాది గుంటూరు కొరిటెపాడు. 150 గజాల స్థలంలో 1995లో మా మామగారు కట్టించిన ఇల్లు. కింద వెయ్యి అడుగులు ఉంటుంది. 2008లో మావారు పైన రెండు గదులు, వంటిల్లు వేయించి అద్దెకిచ్చారు. మేమిద్దరం రిటైరయ్యాం. అబ్బాయి హైదరాబాదు వచ్చేయమంటున్నాడు, అక్కడ ఫ్లాట్ కూడా చూసిపెట్టాడు. ఏడాదిన్నరగా ఇల్లు అమ్మకానికి పెట్టి కోటీ నలభై చెబుతున్నాం. ముగ్గురు బ్రోకర్లకు చెప్పాం, గేటుకు బోర్డు కట్టాం. వచ్చినవాళ్లంతా ‘ఇల్లు బాగుందండీ, ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం’ అంటారు, మళ్లీ కనపడరు. పెట్టిన కొత్తలో ఒకాయన కోటీ పదికి అడిగితే మావారు మొహం మీదే కాదన్నారు. దక్షిణం వాకిలి వల్లే పోవడం లేదని, హోమం చేయించమని మా అక్క ఒకటే పోరు. సగం డబ్బు నగదుగా ఇచ్చేవాళ్లయితే మేలని మావారి ఆలోచన. అత్తగారు, మామగారు ఇద్దరూ లేరు. ఇంటి పన్ను ఇంకా మామగారి పేరునే వస్తోంది. తెనాలిలో ఉన్న మా ఆడపడుచు సంతకం పెడతానంటుంది గానీ ఎప్పుడడిగినా తర్వాత చూద్దాం అంటుంది. రేటు తగ్గించాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: దక్షిణం వాకిలి గురించి, హోమం గురించి వివరంగా రాసి, ఆడపడుచు సంతకాన్ని చివర్లో ఒక్క ముక్కతో సరిపెట్టారమ్మా. నేనైతే అక్కడే మొదలుపెడతాను.

మీ ఇంటికి వచ్చిన పార్టీ మీ ఎదురుగా బాగుందనే అంటాడు. కాఫీ తాగి ఎవరైనా బాగా లేదంటారా? బయటికెళ్లాక బ్రోకర్ ఇచ్చిన జిరాక్సులు తీసుకెళ్లి తెలిసిన ప్లీడరుకు చూపిస్తాడు. ఆ ప్లీడరు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులన్నీ వరసగా పేర్చుకుంటూ వచ్చి మీ మామగారి పేరు దగ్గర ఆగిపోతాడు. ఆయన తర్వాత ఎవరు? వీలునామా ఉందా? పిల్లలెందరు? ఆడపిల్ల ఉంది, ఆమె కాగితం లేదు. ‘దీన్ని వదిలేయండి, ఊళ్లో ఇళ్లే లేవా’ అంటాడు. ఈ మాట మీ దాకా ఎవరూ చేరవేయరు. బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేక బ్రోకరూ చెప్పడు. మీకేమో వాకిలి మీద అనుమానం.

పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఆమెకు ఇచ్చేశాం కదా అని మీవారు అనుకుంటూ ఉండవచ్చు. గుంటూరు చుట్టుపక్కల ఈ మాట నాకు చెప్పని ఇంటాయన లేడు. తండ్రి స్వార్జితం, వీలునామా రాయలేదు అన్నప్పుడు కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. ఎప్పుడో ఇచ్చిన బంగారం, పొలం ఆ వాటాను రద్దు చేయవు. ఆమె అమ్మకం దస్తావేజులో మీవారితో పాటు అమ్మేవారిగా సంతకం పెట్టాలి. లేదంటే ముందుగానే తన హక్కు వదులుకుంటూ విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. తర్వాత చూద్దాం అంటోందంటే, నీకెంత ఇవ్వమంటావని ఎవరూ నోరు విప్పి అడగలేదేమో. మీరిద్దరూ ఒక ఆదివారం తెనాలి వెళ్లి ఆ ఒక్క మాటా తేల్చుకు రండి. ఈ సంగతి పార్టీ ఎదురుగా బయటపడితే మాత్రం బేరమూ పోతుంది, చుట్టరికమూ పోతుంది.

ఆ తర్వాత మామగారి, అత్తగారి మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పెట్టి కార్పొరేషన్‌లో పన్ను పేరు మార్పించండి. నీళ్ల పన్ను, కరెంటు బకాయిలు కట్టేయండి. అన్నీ ఒక ఫైల్లో పెట్టి, వచ్చినవాళ్లు అడక్కముందే చేతికివ్వండి.

రెండోది మీ పైఅంతస్తు. ప్లాన్ సంగతి మీరు రాయలేదు. 2008లో ప్లాన్ తీసుకుని వేసి ఉంటే నిక్షేపం. లేకపోతే నా ఉద్యోగం వైపు నుంచి ఒక మాట చెప్పాలి. కొనేవాడికి లోన్ ఇచ్చే బ్యాంకు నాలాంటి వాళ్లను మీ ఇంటికి పంపుతుంది. నేను టేపు పట్టుకుని కొలతలు తీసి, ప్లాన్ కాగితంతో పోల్చి చూస్తాను. ప్లాన్‌లో లేని గదులు ఎంత ముచ్చటగా ఉన్నా వాటి విలువను లోన్ లెక్కలోకి తీసుకోను. కొన్ని బ్యాంకులు ఆ ఒక్క కారణంతో ఫైలే వెనక్కి పంపేస్తాయి. ఇలాంటి కట్టడాల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం బీపీఎస్ పేరుతో అప్పుడప్పుడూ అవకాశం ఇస్తుంటుంది. ఇప్పుడు తెరిచి ఉందేమో టౌన్‌ప్లానింగ్ విభాగంలో కనుక్కోండి. తెరిచి ఉంటే కట్టేయండి. లేకపోతే ఉన్నమాట పార్టీకి ముందే చెప్పి, పైగదులను రేటులో లెక్కేయకుండా మాట్లాడండి.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. సగం నగదు అన్న మీవారి ఆలోచనతో నాకు పేచీ ఉంది, చట్టం సంగతి పక్కన పెట్టినా సరే. లెక్క చూడండి. బేరం 1.20 కోట్లకు కుదిరిందనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం లోన్ 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదు. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్ అయితే 80 శాతం దాకా ఇవ్వొచ్చు. మొత్తం ధర దస్తావేజులో చూపిస్తే 90 లక్షల వరకు లోన్ రావచ్చు. 30 లక్షలు చేతి డబ్బు. దానికి తోడు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అది 9 లక్షలు. బ్యాంకు దీన్ని ఇంటి విలువలో కలపదు. అంటే కొనేవాడు 39 లక్షలు సొంతంగా తెచ్చుకోవాలి.

అదే కాగితం మీద 60 లక్షలే చూపించారనుకోండి. బ్యాంకు దస్తావేజు ధర, మేం కట్టిన విలువ, ఈ రెండింటిలో తక్కువదాన్నే పట్టుకుంటుంది. లోన్ 48 లక్షలు దాటదు. మిగిలిన 72 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు నాలుగున్నర, కలిపి 76.5 లక్షలు చేతిలో ఉన్నవాడు కావాలి. నెల జీతం మీద బతికే బ్యాంకు ఉద్యోగి, లెక్చరరు, సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎక్కడి నుంచి తెస్తారు? వాళ్లంతా మీ గేటు దాటేశాక మిగిలేది మిర్చి యార్డు వ్యాపారో, వడ్డీ వ్యాపారో. వాళ్లకు బేరమాడటం మనం నేర్పాలా! పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకుంటే అంతకు అంతా జరిమానా వేసే అధికారం ఆదాయపు పన్ను శాఖకు ఉంది.

మొత్తం తెల్లగా చూపిస్తే పన్ను మోత అని మీవారికి భయం కావచ్చు. 2001కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి, ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. 2024 జులై 23కు ముందే మీ చేతికి వచ్చిన ఆస్తి అయితే, లాభం మీద ధరల పెరుగుదల సర్దుబాటు చేసుకుని 20 శాతమా, సర్దుబాటు లేకుండా 12.5 శాతమా, ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. ఆ లాభాన్ని రెండేళ్లలోపు హైదరాబాదు ఫ్లాట్‌లో పెడితే ఆ మేరకు పన్ను ఉండదు. ఫ్లాట్ ఎవరి పేరున కొంటారన్నది ముఖ్యం. అమ్మినవారి పేరు లేకుండా అబ్బాయి పేరున కొంటే పేచీ వస్తుంది. ఆడిటరుకు కన్సల్టేషన్ ఫీజు ఇచ్చి లెక్క వేయించుకోండి. ఆ ఫ్లాట్‌కు మాత్రం ఇక్కడ అగ్రిమెంటు అయ్యేదాకా టోకెన్ ఇవ్వకండి.

రేటు. మీరు కోటీ నలభై అనే అంకె ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో రాయలేదు గానీ ఊహించగలను. రాజధాని పుణ్యమా అని మన గుంటూరు, విజయవాడల్లో ప్రతి ఇంటికీ రెండు రేట్లున్నాయి, ఇంటాయన మనసులో ఒకటి, బజార్లో ఒకటి. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన అయినప్పుడు ఒక రేటు విన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అది నేల మీద పడింది. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి, పాత అంకె జనం నోట్లోకి తిరిగొచ్చింది. అమరావతి పేరు చెప్పి కొరిటెపాడు సందులో ఉన్న పాత ఇంటికి రేటు పెంచితే కొనేవాడు ఒప్పుకోడు. వాడి జీతం రాజధానితో పాటు పెరగలేదు.

మేం విలువ కట్టే పద్ధతి చెబుతాను, మీరే వేసుకోండి. స్థలాన్ని, కట్టడాన్ని విడదీయాలి. కింది వెయ్యి అడుగులు ఇవాళ కొత్తగా కట్టాలంటే అడుగుకు రెండు వేలు అనుకుందాం, 20 లక్షలు. ఇంటి ఆయుష్షు 60 ఏళ్లుగా లెక్కేస్తాం. పడగొడితే వచ్చే సామాను కింద పది శాతం వదిలేసి, మిగతా తొంభైని ఆ ఏళ్ల మీద అరగదీస్తాం. ముప్పై ఏళ్లు గడిచాయి కాబట్టి 45 శాతం పోయింది. మిగిలింది 11 లక్షలు. అంతేనమ్మా! మామగారు దగ్గరుండి చేయించిన టేకు ద్వారబంధాలు, గచ్చు, పూజగది అన్నీ అందులోనే. మీ ఇంటి విలువలో సింహభాగం స్థలానిది. కాబట్టి మీ వీధిలో, పక్క వీధిలో ఈ ఏడాది నిజంగా చేతులు మారిన ఇళ్లకు గజం ఎంత పడిందో కనుక్కోండి. బ్రోకర్‌ను కాదు, అమ్మినవాళ్లను, కొన్నవాళ్లను అడగండి. అమ్మినవాడు పెంచి చెబుతాడు, కొన్నవాడు కొంచెం తగ్గించి చెబుతాడు, ఇద్దరినీ అడిగితే మధ్యలో నిజం దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ వెబ్‌సైట్‌లో ఉంటుంది. దాన్ని 2025 ఫిబ్రవరి 1న సవరించారు. అది కనీసపు అంకెగా పనికొస్తుంది తప్ప అసలు ధరగా కాదు.

ఆగడానికీ ఖర్చుంది. 1.20 కోట్లు ఆరు శాతానికి వేసుకున్నా ఏడాదికి 7.20 లక్షలు, నెలకు 60 వేలు. పైవాటా అద్దె అందులో ఎన్నో వంతో మీకే తెలుసు. ఏడాదిన్నరలో దాదాపు 11 లక్షలు అలా కరిగిపోయాయి. మీవారు కాదన్న కోటీ పదికి ఇది కలిపి చూడండి.

ఆ కోటీ పది ఆయన ఇంకా ఎక్కడా కొని ఉండకపోవచ్చు. కాగితాలు సర్దుకున్నాక మధ్యవర్తితో కబురు పెట్టండి. మొహమాటం, పరువు అని మీవారు అడ్డుపడతారు. అమ్మేవాళ్లు మళ్లీ కబురు పెట్టడం బేరాల్లో మామూలే. దానికంటే ముందు మీ పక్కింటివాళ్లను అడగండి. మనవాళ్లు ఊరంతా చెబుతారు గానీ గోడవతల వాళ్లకు చెప్పరు, చెబితే చులకనైపోతామని. మీ 150 గజాలు విడిగా చిన్న బిట్టు. పక్కవాళ్ల స్థలంతో కలిస్తే మంచి ఇంటికో, చిన్న అపార్ట్‌మెంటుకో సరిపోతుంది. కాబట్టి వాళ్లు పెట్టగలిగిన రేటు బయటివాళ్లు పెట్టలేరు. బ్రాడీపేటలో ఇలాగే ఏళ్ల తరబడి అమ్ముడుపోని ఇంటిని చివరికి ప్రహరీ అవతలి డాక్టరు గారు కొనుక్కోవడం నేను చూశాను. ఆయనకు అంతకాలం ఎవరూ చెప్పనేలేదట, గేటు మీద బోర్డు చూస్తూ ఎక్కువ చెబుతారేమోనని ఊరుకున్నారట.

బోర్డు మాట వచ్చింది కాబట్టి, ఆ బోర్డు తీసేయండి. ఎండకు వెలిసిపోయిన ‘ఈ ఇల్లు అమ్మబడును’ చూసిన ప్రతివాడికీ వచ్చే మొదటి అనుమానం, ఇంతకాలం ఎందుకు పోలేదని. ముగ్గురు బ్రోకర్లు ముగ్గురికి మూడు రేట్లు చెప్పి ఉంటారు. ఫోన్లో పాత ఫొటోలతో పెట్టిన ప్రకటనలు కూడా తీయించి, ఒక రెండు నెలలు ఇంటిని బజార్లో కనపడనీయకండి. ఆషాఢమో, మూఢమో వస్తే అదే సమయం. ఎలాగూ ఎవరూ అడ్వాన్స్ ఇవ్వరు. ఆ సందులో కాగితాల పని చేసుకుని, శ్రావణంలోనో దసరాకో ఒక్క బ్రోకర్‌కే, ఒక్క రేటుకే, మూడు నెలల గడువుతో అప్పగించండి. కమీషన్ ఎంతో ముందే మాట్లాడుకోండి. రేటు తగ్గించదలిస్తే ఒక్కసారే గట్టిగా తగ్గించండి. నెలకో లక్ష తగ్గిస్తూ పోతే, ఇంకా తగ్గుతుందని పార్టీలు కాచుకుని కూర్చుంటారు.

చూపించడం గురించి ఒకటే చెబుతాను. ఇల్లు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు ముందు వంటింట్లో కుళాయి తిప్పుతారు, తర్వాత బాత్‌రూం తలుపు తీస్తారు. మగవాళ్లు మేడెక్కి స్లాబు చూస్తారు. బీరువా వెనక గోడకు చెమ్మ ఉంటే బీరువా జరపకుండా దాచిపెడదామనుకుంటారు కొందరు. ఆ బీరువా నేను వెళ్లినప్పుడు జరిపిస్తాను కదా! చెమ్మ ఎక్కడి నుంచో చూసి పైపు మార్పించండి, సున్నం కొట్టించండి, దీపాలన్నీ వేయండి. అంతకు మించి ఖర్చు పెట్టకండి. కొత్త టైల్స్ వేయిస్తే ఆ డబ్బు తిరిగిరాదు. పైవాటా వాళ్లకు ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. అద్దెకున్నవాళ్లు మొహం చిట్లించుకుని తలుపు తీస్తే, రేపు ఖాళీ చేయరేమోనన్న భయం పార్టీకి పట్టుకుంటుంది.

దక్షిణం వాకిలి? మన ఊళ్లలో వాస్తు పట్టింపు గట్టిదే, కాదనను. కొందరు వీధి చూసే వెనక్కి వెళ్లిపోతారు. కానీ మీ ఇంటి లోపలికి వచ్చి, గదులు చూసి, కాఫీ తాగినవాళ్లు వాకిలి ఏ దిక్కో చూసుకునే వచ్చారు కదా. గోడలు పగలగొట్టి మార్పులు చేయించకండి. కొనేవాడు తన సిద్ధాంతిని తెచ్చుకుంటాడు. ఇద్దరు సిద్ధాంతులు ఒక మాట మీద నిలబడటం నేనింతవరకు చూడలేదు. హోమం మీ అక్కగారి తృప్తికి చేయించుకోండి, తెనాలి వెళ్లొచ్చాక.

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో మాది గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్. 2024 సెప్టెంబరు వరదల్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. ఇప్పుడు రంగులు వేయించాం. వచ్చినవాళ్లు నీళ్లు వచ్చాయా అని అడుగుతున్నారు. రాలేదని చెప్పమని బ్రోకర్ అంటున్నాడు.
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లో మీ ఒక్క ఇంట్లోకే రాలేదంటే నమ్మేదెవరండీ! మీరు కాదంటారు, ఎదురు కిరాణా కొట్టతను ఔనంటాడు, దాంతో మీరు చెప్పిన మిగతా నిజాలు కూడా అబద్ధాలైపోతాయి. కొనేవాడికి మామూలుగా చూస్తే తెలియని లోపాన్ని అమ్మేవాడే చెప్పాలని ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది.

రంగు వేయించామన్నారు. గోడ ఎండకముందే వేయించారా? వేలితో గీరి చూడండి. తెల్లగా ఉప్పు రాలినా, పొర లేచినా ఆ రంగు నిలవదు. నీటి మట్టానికి ఒక అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్ చెక్కించి, గోడను పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ ప్లాస్టరింగ్ చేయించాలి. మునిగిన స్విచ్ బోర్డులు, వైరింగ్ మార్పించి బిల్లులు దాచండి. సంపు కడిగించండి. నీళ్లు ఎంతదాకా వచ్చాయో మీరే చూపించి, ఏమేం మార్చారో బిల్లులతో సహా చెబితే కొనేవాడు రేటు దగ్గర బేరమాడతాడే గానీ పారిపోడు. మీ పార్టీ ఎక్కువగా ఆ పేటలోనే పైఅంతస్తుల్లో అద్దెకుంటున్నవాళ్లలో దొరుకుతారు. వాళ్లకు వరద సంగతి మీరు చెప్పనక్కర్లేదు. వరద రాని పేటల రేటు మాత్రం ఇప్పట్లో ఆశించకండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. పోరంకిలో వాడి పేరున ఉన్న ఫ్లాట్‌కు రెండుసార్లు బేరం కుదిరి, ఆఖర్లో టీడీఎస్ దగ్గర, అంటే కొనేవాళ్లు ధరలోంచి ముందే కోసి కట్టే పన్ను దగ్గర చెడిపోయింది. వాడు రాకుండా నేనే అమ్మవచ్చా?
ఒక తండ్రి, విజయవాడ

జవాబు: అమ్మవచ్చు. అబ్బాయి అక్కడి భారత కాన్సులేట్‌లో ఈ ఒక్క ఫ్లాట్ అమ్మకానికే పరిమితంగా మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించుకోండి. గడువు దాటితే మళ్లీ మొదటికొస్తుంది.

టీడీఎస్ విషయంలో, ఇక్కడే ఉండేవాళ్లు అమ్మితే 50 లక్షలు, ఆపైన ధరకు ఒక శాతమే కోస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్లకు అలా కాదు. రెండేళ్లు దాటిన ఆస్తికి 12.5 శాతం, దాని మీద సెస్సు, పెద్ద మొత్తాలకు సర్‌ఛార్జీ. అదీ లాభం ఎంతో తేలక, భయంతో కొనేవాళ్లు మొత్తం ధర మీదే కోసేస్తారు. మీ బేరాలు చెడింది ఇక్కడే అయ్యుంటుంది. పార్టీ దొరకగానే, అగ్రిమెంటు రాసుకున్న వారంలోనే, తక్కువ కోతకు సర్టిఫికెట్ ఇమ్మని అబ్బాయి పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టించండి. అది చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్ గడువు మూడు నెలలకు తగ్గకుండా రాయించండి. సర్టిఫికెట్ వచ్చేదాకా కోత ఎంతో ఇంకా తేలలేదని, దాంట్లో ఏ అంకె ఉంటే అంతే కోయాలని కూడా అందులోనే ఒక వాక్యం పెట్టించండి.